నెట్టు లెక్కపెడితే చాలదు: నిల్వ ధాన్యాన్ని పక్షానికొకసారి పరీక్షించండి

కోత పూర్తయి, ధాన్యం ఆరబెట్టి, బస్తాలకెత్తి ఇంటికి చేర్చిన నాటితో ఆ సంవత్సరపు శ్రమ ముగిసిందని రైతు కుటుంబం భావిస్తుంది. నారు పోసిన నాటి నుంచి రోజూ చేలోకి వెళ్ళి ఆకు తిప్పి చూసిన రైతే, పంట కొట్టులోకి చేరిన తరువాత మూడు నాలుగు నెలలపాటు దానివంక చూడడు. తలుపుకు తాళం వేసి ధర కోసం ఎదురుచూస్తాడు. ధాన్యం మాత్రం తాళం వేసిన నాటి స్థితిలోనే ఉండిపోదు. గింజకు ప్రాణం ఉంది. అది శ్వాసిస్తుంది, తేమను పీల్చుకుంటుంది, విడుస్తుంది, వేడెక్కుతుంది. చేలో పైరును గమనించినట్లే కొట్టులో గింజను కూడా గమనించవలసి ఉంటుంది.

ఈ మాట నేను పాఠ్యగ్రంథం చూసి చెప్పడం లేదు. వ్యవసాయశాస్త్రంలో బి.ఎస్సి. పూర్తిచేసి బ్యాంకులో క్షేత్రాధికారిగా చేరిన తొలి సంవత్సరాలలో, నేను స్వయంగా సంతకం చేసిన ఒక తనిఖీ నివేదిక నాకు నేర్పిన పాఠమిది.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామంలో నడివయసు రైతు ఒకరు తాము పండించిన 180 బస్తాల సాంబ మసూరి ధాన్యాన్ని డిసెంబరులో అమ్మకుండా నిల్వ చేసుకుని, ఆ సరుకుపై మా శాఖలో రుణం తీసుకున్నారు. ఆయన ఆలోచన సబబైనదే. బి.పి.టి. 5204గా రైతులందరికీ పరిచితమైన ఈ రకం 1986లో బాపట్ల నుంచి విడుదలయింది. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది, పాతబడిన బియ్యం పొడిపొడిగా వస్తుంది. అందువల్లనే పాత ధాన్యం కోసం మిల్లర్లు, వ్యాపారులు వెతుక్కుంటూ వస్తారు. కోతల రద్దీలో అడిగిన ధరకు ఇచ్చివేయకుండా ఆగగలిగిన రైతుకు నాలుగు రూకలు ఎక్కువ మిగులుతాయి. నిల్వ సరుకుపై రుణం ఇవ్వడంలో బ్యాంకు ఉద్దేశం కూడా అదే.

ఫిబ్రవరిలో నేను తనిఖీకి వెళ్ళాను. కొట్టు శుభ్రంగా ఉంది. గోడలకు రెండడుగుల ఎడంగా, చెక్కలపై నెట్టు కట్టి, పైన బరకం కప్పి ఉంది. అడ్డం, నిలువు, ఎత్తు లెక్కించాను. 180 బస్తాలు సరిపోయాయి. ‘సరుకు సక్రమంగా ఉన్నది’ అని రాసి, రైతు ఇచ్చిన కాఫీ తాగి వచ్చాను. ఒక్క బస్తాలోనైనా చేయి పెట్టి చూడలేదు.

ఏప్రిల్‌లో బేరం కుదిరి నెట్టు విప్పినప్పుడు పై రెండు వరుసలు బాగానే ఉన్నాయి. మధ్యకు చేరేసరికి హమాలీలు బస్తా పట్టుకుని ఆగిపోయారు. గోనె వెచ్చగా ఉంది. విప్పితే ముక్క వాసన కొట్టింది. గింజ పసుపు తిరిగింది, కొన్నింటిలో బూజు పట్టి గడ్డలు కట్టింది. అటువంటివి నలభైకి పైగా లెక్కతేలాయి. పాడైన బస్తాలు వేరుచేసి మిగిలినవి ఇస్తామన్నా వ్యాపారి మొదట చెప్పిన ధరకు ఒప్పుకోలేదు. ఆయనను తప్పుపట్టలేము. రంగు మారిన గింజ కొద్దిగా కలిసినా మిల్లులో బియ్యమంతటికీ మచ్చ వస్తుంది.

అరుగు మీద కూర్చున్న రైతు తల్లిగారు అప్పుడు ఒక మాట చెప్పారు. ‘‘సంక్రాంతి దాటినప్పటి నుంచీ పిల్లి ఆ బరకం మీద ఒక్కచోటే పడుకుంటోంది నాయనా. అక్కడేదో వెచ్చగా ఉందిరా, విప్పి చూడరా అంటే మావాడు వినిపించుకోలేదు.’’

నా నివేదికకంటే ఆ పిల్లి చేసిన తనిఖీ మెరుగైనదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

కారణం ఆరా తీస్తే తేలిన విషయమిది. మొదటి ట్రాక్టర్ల ధాన్యాన్ని ఆయన నాలుగు రోజులు చక్కగా ఎండబెట్టారు. ఆఖరి రెండు లోడ్లు వచ్చేసరికి ఆకాశం మబ్బు పట్టింది. వాన భయంతో వాటిని ఒక పూట మాత్రమే ఆరబోసి బస్తాలకెత్తి, అదే నెట్టులో మధ్యన సర్దారు. ఎండిన 140 బస్తాల నడుమ ఎండని నలభై బస్తాలు. సరుకుకు బీమా ఉన్నది కదా అని ఆయన నన్ను అడిగారు. సరుకు బీమా సాధారణంగా అగ్నిప్రమాదం, దొంగతనం, వరద వంటి ఆపదలకు వర్తిస్తుంది. తేమ వలన, పురుగు వలన నెమ్మదిగా కలిగే నష్టానికి వర్తించదు. ఈ సంగతి రుణం ఇచ్చిన రోజునే నేను చెప్పి ఉండవలసింది.

17 శాతం తేమ నిల్వకు పనికిరాదు

రైతులలో ఒక అపోహ బలంగా నాటుకొని ఉంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో వరి ధాన్యానికి తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం. అక్కడ యంత్రం 17 చూపితే సరుకు ‘పాస్’ అవుతుంది. దానినిబట్టి 17 శాతం అంటే ధాన్యం ఎండినట్లేనని చాలామంది అనుకుంటున్నారు. అది కొనుగోలుకు పెట్టిన పరిమితి. అక్కడి ధాన్యం వెంటనే మిల్లుకు తరలిపోవలసినది. నాలుగైదు నెలలు ఇంట ఉంచదలచిన వడ్లలో తేమ 12 నుంచి 13 శాతానికి మించరాదు. మొక్కజొన్న, జొన్నలు 12 శాతానికి, కంది, పెసర, మినుము వంటి అపరాలు 9 లేక 10 శాతానికి, వేరుశనగ కాయలు 8 శాతానికి ఎండాలి.

ఎండబెడితే తూకం పోతుందని రైతు వెనుకాడతాడు. ఆ లెక్క కూడా చూద్దాం. 17 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తా 13 శాతానికి ఎండితే సుమారు 71 కిలోల 550 గ్రాములు తూగుతుంది. బస్తాకు దాదాపు మూడున్నర కిలోలు తగ్గుతాయి. తగ్గినది నీరు మాత్రమే. ఎండబెట్టనందువలన పోయేది గింజ. రుణానికి సరుకు విలువ కట్టేటప్పుడు కూడా ఎండిన తూకాన్నే లెక్కలోకి తీసుకోవడం ఉభయులకూ మంచిది. లేనిచో నెలలు గడిచి తూకం తగ్గగానే రైతు నిజాయితీపై అనవసరమైన అనుమానం వస్తుంది.

విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రమని ఒకటి ప్రసిద్ధం. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే నిల్వ కాలం సుమారు రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత 5.6 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గినా అంతే. మన ఊళ్ళలో ఉష్ణోగ్రతను తగ్గించడం రైతు చేతిలో లేదు. తేమను తగ్గించడం ఉన్నది.

నెట్టు లోపల జరిగేది

తేమ ఎక్కువైన గింజ వేగంగా శ్వాసిస్తుంది. ఆ శ్వాసలో వేడి, నీటి ఆవిరి వెలువడతాయి. ఆ వెచ్చదనానికి, చెమ్మకు బూజు పెరుగుతుంది. బూజు కూడా శ్వాసిస్తుంది కనుక మరింత వేడి, మరింత ఆవిరి. ధాన్యం వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. అందువలన నెట్టు నడుమ ఒకచోట మొదలైన వేడి, పై బస్తాలు చల్లగా కనిపిస్తున్నా లోలోపల పాకుతుంది. పైన ఒకటి రెండు బస్తాలు చూసి అంతా బాగున్నదనుకోవడం ఇందువల్లనే ప్రమాదం.

ఒక్కొక్కసారి బాగా ఎండిన ధాన్యంలో కూడా పైపొర చెమ్మగిల్లుతుంది. ఇనుప గాదెలు వాడేవారు దీనిని గమనించే ఉంటారు. పుష్య మాసపు చలి రాత్రులలో రేకు చల్లబడుతుంది. లోపలి వెచ్చని గాలి పైకి లేచి, ఆ చల్లని రేకు కింద నీటి బిందువులుగా మారి ధాన్యంపై పడుతుంది. నెట్టుపై ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పినా ఇదే జరుగుతుంది. పొడి వాతావరణమున్న పగటివేళ కప్పు తొలగించి గాలి ఆడనివ్వాలి. జూలై, ఆగస్టు ముసురులో ఇందుకు విరుద్ధంగా చేయాలి. అప్పుడు బయటి గాలిలోనే చెమ్మ ఎక్కువ కనుక ఎండిన గింజ దానిని పీల్చుకుంటుంది. ఆ రోజులలో కొట్టు తలుపులు, కిటికీలు మూసి ఉంచి, వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం మాత్రమే తెరవాలి.

పరీక్షించే విధానం

పక్షానికొకసారి, వానకాలంలో వారానికొకసారి, అరగంట సమయం కేటాయిస్తే చాలు. కొట్టు తలుపు తెరవగానే మొదటి శ్వాసలో వచ్చే వాసన గమనించండి. కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడి ఏమీ చెప్పదు. కనుక లోపలికి వెళ్ళకముందే గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ముక్క వాసన, పులిసిన వాసన, పిండి వాసన వేటికవే వేరువేరు సంగతులు చెబుతాయి. ముక్క వాసన బూజుకు, పిండి వాసన పురుగుకు గుర్తు.

తరువాత వేడి చూడాలి. నాలుగైదడుగుల ఇనుప చువ్వను బస్తాల సందుల నుంచి నెట్టు మధ్యకు గుచ్చి, పావుగంట ఉంచి, బయటికి లాగి వెంటనే అరచేతితో పట్టుకోండి. లోపలి కొన చేతికి వెచ్చగా తగిలితే ఆ భాగంలో ఏదో జరుగుతున్నదని అర్థం. ఒకేచోట కాక నాలుగైదుచోట్ల గుచ్చాలి. గాదెలో, గుమ్మిలో పోసిన ధాన్యమైతే మోచేతి లోతువరకు చేయి దింపి చూడవచ్చు, చువ్వను ఇంకా లోతుకు పంపవచ్చు.

తేమ చూడటానికి యంత్రం ఉంటే మంచిదే. మార్కెట్ యార్డుకు, కొనుగోలు కేంద్రానికి ఒక డబ్బాలో గింజలు పట్టుకెళ్తే అక్కడి వారు చూసి చెప్పగలరు. డబ్బా మూత బిగుతుగా ఉండాలి, లేకపోతే దారిలోనే తేమ మారుతుంది. యంత్రం లేనిచోట ఉప్పు పరీక్ష పనికివస్తుంది. పూర్తిగా పొడిగా ఉన్న గాజు సీసాలో మూడోవంతు వరకు ధాన్యం, రెండు మూడు చెంచాల ఎండిన మెత్తని ఉప్పు వేసి, మూత పెట్టి బాగా కుదిపి పావుగంట ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ సుమారు 15 శాతానికి పైన ఉన్నట్లు. అంటుకోకపోతే 15 లోపున ఉన్నట్లు మాత్రమే, 12కు చేరినట్లు కాదు. పంటి కింద వేస్తే గింజ టక్కున విరగాలి, నలగకూడదు. మన పెద్దలు ఈ పరీక్ష చేయకుండా ధాన్యం గాదెలో పోసేవారు కారు.

బస్తా విప్పకుండా గింజలు తీయడానికి మొన తేలిన ఇనుప గొట్టం ఉంటుంది. గోదాములలో దానిని పరఖీ అంటారు. ఖరీదు స్వల్పమే. దానితో పై వరుస, మధ్య వరుస, కింది వరుసలలోని బస్తాల నుంచి గింజలు తీసి, వేరువేరుగా తెల్లని గుడ్డపై పరచి చూడాలి. అన్నింటినీ కలిపితే సగటు తెలుస్తుంది గాని చెడిన బస్తా తెలియదు. నేను చెప్పిన రైతు సరుకులో సగటు తేమ బహుశా 14 శాతం వచ్చేదేమో. ఆ అంకె చూసి మరింత ధీమాగా సంతకం చేసేవాడిని.

పురుగు సంగతి

తీసిన గింజలను జల్లెడ పట్టండి. కింద మెత్తని పిండి రాలితే పురుగు ఉన్నది. ముక్కు పురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, దానిపై జిగురు మూత వేస్తుంది. గుడ్డు పిల్లయి, గింజ లోపలే తిని పెరిగి, పెద్దపురుగై రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. మన వేసవి, వానకాలపు వెచ్చదనంలో ఇదంతా సుమారు నెల రోజుల పని. ఒక్కొక్క ఆడ పురుగు వందల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. రంధ్రం పడిన గింజ మొదటిసారి మన కంటబడేసరికి ఒక తరం పురుగు పుట్టి పెరిగిందన్నమాట. పక్షానికొకసారి చూడమని చెప్పడంలో ఆంతర్యం ఇదే. నెలకొకసారి చూస్తే పురుగు మనకంటే ఒక అడుగు ముందుంటుంది.

వడ్ల చిలుక సంగతి వేరు. ఇది చేలో గింజ ముదిరే దశలోనే గుడ్లు పెట్టి, ధాన్యంతోపాటు ఇంటికి వస్తుంది. కుప్పగా పోసిన ధాన్యంలో ఇది లోతుకు పోలేదు, పై అడుగు మందంలోనే ఉంటుంది. సాయంత్రం వేళ కొట్టులో చిన్న గోధుమరంగు రెక్కల పురుగులు ఎగురుతుంటే పైపొరను ముందు చూడండి. అపరాలలో పుచ్చు పురుగు కూడా చేనులోనే మొదలవుతుంది. కందులను పప్పు చేసి ఉంచితే దాని బెడద తగ్గుతుందని మన ఇల్లాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ఇంటి వాడకానికి ఉంచిన అపరాలకు కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున వంటనూనె పట్టించినా పుచ్చు ఆగుతుంది.

తక్కువ ఖర్చు సాధనం మరొకటి ఉంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన చిల్లుల గొట్టం అది. ధాన్యంలో నిలువుగా గుచ్చి ఉంచితే, గాలి కోసం తిరుగాడే పురుగులు చిల్లుల గుండా దూరి అడుగున ఉన్న గిన్నెలో పడి తిరిగి రాలేవు. గాదెలో, డబ్బాలో పోసిన ధాన్యానికి ఇది అనువైనది. జల్లెడకు చిక్కేంత పెరగకముందే పురుగు రాకను తెలుపుతుంది.

మందుల విషయంలో

పురుగు ఎక్కువ భాగం పాత గోనెల నుంచి, కొట్టు గోడల పగుళ్ళ నుంచి వస్తుంది. కనుక మందు వాడవలసినది ఖాళీ కొట్టుకు, ఖాళీ సంచులకు. మలాథియాన్ 50 శాతం ద్రావకాన్ని లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, 100 చదరపు మీటర్లకు 3 లీటర్ల వంతున గోడలపై, నేలపై చల్లి, ఆరిన తరువాతనే సరుకు చేర్చాలి. పాత సంచులను అదే ద్రావణంలో పది నిమిషాలు ముంచి ఎండబెట్టాలి. తినే గింజలపై ఏ మందూ చల్లరాదు, కలపరాదు.

వెనుకటి కరపత్రాలలో చదివిన మందులను ఇప్పటికీ దుకాణాలలో అడిగేవారున్నారు. ఇ.డి.బి. గొట్టాలను ప్రభుత్వం 2001లో నిషేధించింది. డైక్లోర్‌వాస్ వాడకం 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఇక అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల విషయం మరీ ముఖ్యం. గాలి తగలగానే వీటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు పురుగునే కాక మనిషిని కూడా చంపుతుంది. నిబంధనల ప్రకారం ఈ ధూపనాన్ని ప్రభుత్వ సంస్థలు గాని, ఆమోదం పొందిన నిపుణుల పర్యవేక్షణలో పురుగు నివారణ సంస్థలు గాని మాత్రమే చేయాలి. కుటుంబం నిద్రించే ఇంటిలో, ఇంటికి ఆనుకుని ఉన్న కొట్టులో ఈ బిళ్ళ పెట్టడమంటే పక్క గదిలో పిల్లల ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. నాలుగు బిళ్ళలు విడిగా ఇమ్మని అడిగే రైతుకు లేదని చెప్పడం డీలరు మిత్రుల ధర్మం. ఆ అమ్మకం వలన వచ్చే లాభమెంత?

పాతర, సంచి

రాయలసీమలో జొన్నలు పాతరలో దాచేవారు. మట్టితో మూసిన ఆ గోతిలో గింజలు, పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడివేయగా పురుగు దానంతటదే చచ్చేది. పాతర తెరిచినప్పుడు ముందుగా దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దించేవారు. ఇప్పుడు మార్కెట్‌లో లభిస్తున్న గాలి చొరని ప్లాస్టిక్ పొరల సంచులు పనిచేసేది కూడా ఈ సూత్రంపైనే. విత్తనానికి, అపరాలకు ఇవి చక్కగా ఉపకరిస్తాయి. అయితే తేమగా ఉన్న గింజను ఇందులో మూస్తే ఆ చెమ్మ బయటికి పోయే దారి లేదు. బాగా ఎండినదే పోయాలి, ఊరికే విప్పి చూడరాదు, ఎలుక కొరకని చోట ఉంచాలి.

విత్తనంగా ఉంచిన వడ్లకు మరొక పరీక్ష చేయండి. రెండు నెలలకొకసారి నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక కట్టించి లెక్కించండి. ధృవీకరించిన వరి విత్తనానికి కనీసం 80 మొలవాలి. గింజ రంగు, వాసన బాగున్నప్పటికీ మొలక తగ్గుతూ వస్తే నిల్వలో లోపం ఉన్నట్లే.

మొక్కజొన్న, వేరుశనగ నిల్వచేసే రైతులు, వ్యాపారులు బూజును తేలికగా తీసుకోరాదు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆకుపచ్చని బూజు వలన అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. వండినా అది పూర్తిగా పోదు. బూజు గింజను పశువుకు పెడితే పాలలోకి కూడా వస్తుంది. ఆహార ధాన్యాలలో దీనిని కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి అనుమతించరు. కోళ్ళ దాణా తయారీదారులు మొక్కజొన్నను పరీక్షించి మరీ కొనడానికి కారణమిదే. పాడైన దానిని మంచి దానిలో కలిపి గట్టెక్కుదామనే ప్రయత్నం లోడునంతా వెనక్కి తెస్తుంది.

వేడి కనిపించిన రోజున

చువ్వ వెచ్చగా తగిలితే రేపటికి వాయిదా వేయవద్దు. నెట్టు విప్పి, వెచ్చని బస్తాలు వేరుచేసి, ఎండలో పలుచగా పరచి ఆరబెట్టి, చల్లారిన తరువాతనే తిరిగి ఎత్తాలి. వేడిమీద ఎత్తితే మళ్ళీ చెమ్మ పుడుతుంది. హమాలీ కూలి దండగని అనిపించవచ్చు. నలభై బస్తాలు పోగొట్టుకున్న రైతు దగ్గర ఆ మాట అనలేము. కొత్తగా నెట్టు కట్టేటప్పుడు ఏ రోజు ఎండిన సరుకు ఆ రోజుదిగా వేరువేరు నెట్లు వేసి, సంచిపై తేదీ రాయించడం మేలు.

సరుకు చెడుతున్నదని బ్యాంకుకు చెబితే రుణం వెంటనే కట్టమంటారేమో అనే భయంతో దాచేవారున్నారు. ఆ భయం నాకు తెలుసు. అయితే తొలిదశలో తెలిస్తే సరుకు ఆరబెట్టుకోవడానికి, బాగున్నంత భాగాన్ని ముందుగా అమ్మి ఖాతాలో జమ కట్టడానికి వీలుంటుంది. ఏప్రిల్‌లో తెలిస్తే ఇద్దరికీ చేయగలిగింది ఏమీ ఉండదు. ఇంట చోటు చాలనివారు, వానకాలం దాటించి నిల్వ చేయదలచినవారు గోదాముల అభివృద్ధి, నియంత్రణ సంస్థలో నమోదైన గోదామును ఆశ్రయించవచ్చు. 2007 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ విధానంలో 2017 నుంచి ఎలక్ట్రానిక్ రశీదులు ఇస్తున్నారు. సరుకు నాణ్యత, తూకం రశీదులో నమోదవుతాయి, దానిపై బ్యాంకు రుణం లభిస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు ఇటువంటి రశీదుపై తీసుకున్న రుణానికి కోత తరువాత ఆరు నెలల వరకు వడ్డీ రాయితీ వర్తించే సదుపాయం ఉన్నది. షరతులు మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు నేను తనిఖీకి వెళ్ళేటప్పుడు సంచిలో పరఖీ, ఇనుప చువ్వ, టార్చిలైటు, చిన్న జల్లెడ, ఉప్పు సీసా ఉంటాయి. మొదట్లో కొందరు రైతులు నొచ్చుకున్నారు, తమను నమ్మడం లేదేమోనని. నివేదికలో బస్తాల సంఖ్య పక్కన ఏ వరుసలో గింజ తీశాను, వాసన ఎట్లా ఉంది, వేడి ఎక్కడెక్కడ చూశాను అనేవి రాస్తున్నాను. ఆ డెల్టా రైతు కూడా ఒక నోటు పుస్తకం పెట్టుకున్నారు. తేదీ, చువ్వ వేడి, జల్లెడలో పడిన పురుగుల సంఖ్య, అంతే. మరుసటి సంవత్సరం ఆయన రెండు నెట్లు వేశారు. జనవరిలో ఒకసారి రెండో నెట్టు కింది వరుసలో చువ్వ వెచ్చగా తగిలితే అదే రోజు విప్పించి, పదకొండు బస్తాలు ఎండబోశారు. నేల చెక్క ఒకటి విరిగి గోనె నేలకు ఆనుకున్నదట. మే నెలలో సరుకు అమ్మి రుణం తీర్చడానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం కూడా తెచ్చి నా బల్లమీద పెట్టారు.